కళ్లు మూసుకుని కట్టిన పేజీ

వెబ్‌సైట్లు తయారుచేసే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, మీ సర్వీసులో మర్చిపోలేని పని ఏదైనా చెప్పండి మేడం అని అడుగుతుంటారు. రంగుల గురించో, అక్షరాల సైజు గురించో నాలుగు కిటుకులు దొరుకుతాయని వాళ్ల ఆశ. నేనేమో ఒక వేసవికాలం గురించి మొదలుపెడతాను. ఆ వేసవంతా నేను కళ్లు మూసుకుని ఉద్యోగం చేశాను. నేను కునుకు తీస్తున్నానని మా ఓనరుకి అనుమానంగా ఉండేది. ఆయన అనుమానంలో కొంత నిజం లేకపోలేదు.

నరసరావుపేటలో ఒక ఎరువుల కొట్టు పైన మేడ మీద ఉండేది మా ఆఫీసు. మధ్యాహ్నం పూట కింది నుంచి ఎరువు వాసన, పైనుంచి రేకుల వేడి, చుట్టూ కంప్యూటర్ల హోరు. అవన్నీ కలిసి మనిషిని మెలకువకీ నిద్రకీ మధ్య ఎక్కడో కూర్చోబెట్టేవి. నేను టైపు మిషను దగ్గర మొదలై, పెళ్లి కార్డుల డీటీపీ మీదుగా వెబ్‌సైట్ల దాకా వచ్చినదాన్ని. పేజీ ఎలా ఉండాలో గీసివ్వడం నా పని, దాన్ని నడిచేలా చేయడం మా కోడరు పని. అతను గురజాల మనిషి. ముప్పై దాటాయి, చేతిలో మంచి విద్య ఉంది. కానీ తెరమీద ఏదీ కదలకపోతే అతనికి ఊపిరాడదు. అక్షరం ఎగరాలి, బొమ్మ తిరగాలి, బటన్ మిణుకుమనాలి. మా ఓనరుకీ అదే ఇష్టం. "కదలకుండా ఉండేదానికి మన దగ్గరికి ఎందుకొస్తారమ్మా, గోడ మీద రాయించుకోరా," అనేవాడు.

ఆ ఏడు మాకు పల్నాడంతా బడులున్న ఒక ట్రస్టు పని వచ్చింది. టీచర్ల బదిలీల పని. అంతకుముందు బదిలీలంటే ట్రస్టు ఆఫీసు వరండాలో తిరునాళ్లే. సిఫారసులు, అలకలు, కన్నీళ్లు. ఇకనుంచి ఎవరికి కావాల్సిన ఊరు వాళ్లే ఫోన్లో కోరుకోవాలని ట్రస్టువాళ్లు నిర్ణయించారు. మా కోడరు పల్నాడు పటం గీశాడు. అంచున కృష్ణా నది నీలంగా కదులుతుంటుంది. బడి ఉన్న ప్రతి ఊరి దగ్గరా చిన్న దీపం వెలుగుతుంటుంది. మాచర్ల, గురజాల, వెల్దుర్తి, విజయపురి సౌత్. దీపాన్ని వేలితో పట్టుకుని లాగి పక్కనున్న పెట్టెలో వేస్తే అది మీరు కోరుకున్న ఊరు. నిజం చెప్పాలంటే చాలా అందంగా ఉంది. నేనూ మురిసిపోయాను.

ట్రస్టు హాల్లో టీచర్లందరికీ దాన్ని చూపించిన రోజున, వెనక వరసలోంచి ఒక ఫోను గట్టిగా మాట్లాడింది. "బటన్. బటన్. బొమ్మ. బటన్." అందరూ తిరిగి చూశారు. ఫోను పట్టుకున్నావిడ తెలుగు టీచరు. పుట్టుకతోనే చూపు లేదు. ఫోన్లో తెరమీద ఉన్నదాన్ని చదివి వినిపించే గొంతు ఒకటి ఉంటుంది. చూపులేనివాళ్లకి అదే ఆధారం. మనం దేనికి ఏ పేరు రాసిపెడితే ఆ పేరే అది చదువుతుంది. మేం దీపాలకి పేర్లు రాయలేదు. ఊళ్ల పేర్లన్నీ బొమ్మలోనే గీసేశాం.

"మేడం, ఇందులో ఊళ్లు యాడున్నయ్యండి? నాకన్నీ బటన్లే వినపడతన్నయ్," అందామె.

హాలు నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఆమె పక్కన కూర్చున్న వాళ్ల అన్నయ్య మాత్రం నవ్వలేదు. ఆయనకి సత్తెనపల్లి రోడ్డులో బైకులు బాగుచేసే షెడ్డు ఉంది. "దానికేముంది మేడం, నేను నొక్కుతాలే. ఇన్నేళ్లుగా అన్నీ నేనేగా నొక్కింది," అన్నాడు. చుట్టుపక్కలవాళ్లు అవునవును, అన్న ఉన్నాడుగా అన్నారు. మా ఓనరైతే ఊపిరి పీల్చుకున్నాడు. మా వైపు ఇది మామూలే. ఇంట్లో ఎవరి చూపు బాగుంటే, ఎవరికి ఫోను బాగా వస్తే, వాళ్లే మిగతా అందరి తరఫునా నొక్కుతారు. ఎవరి ఇష్టమేంటని మధ్యలో అడిగే తీరిక ఎవరికీ ఉండదు.

మర్నాడు ఆమె మా ఆఫీసుకి వచ్చింది. అన్న కింద దించి, సామాన్ల కోసం బజారుకి వెళ్లాడట. గోడ పట్టుకుని మెట్లెక్కి, నా టేబులు ముందు కుర్చీని చేత్తో తడిమి కూర్చుంది.

"అన్న నొక్కితే ఈ పేటే నొక్కుతాడండి, నరసరావుపేట దాటనియ్యడు. నాకు విజయపురి సౌత్ కావాలి," అంది.

ట్రస్టు నియమం ఒకటుంది. చూపులేని టీచర్లు మొదట ఏ ఊరు కోరితే ఆ ఊరే ఇస్తారు, ఉన్న ఊళ్లోనే ఉంటానన్నా ఉండనిస్తారు. అంటే మొదటి గడిలో ఏ ఊరు పడితే ఆమె బతుకు ఆ ఊరికి పోతుంది. ఆ గడిలో వేలు పెట్టేది ఎవరన్నదే తేలాల్సింది.

"అన్నకే చెప్పొచ్చుగా అమ్మా," అన్నాను.

"చెప్పబోతే గొంతు రాదండి. అమ్మానాన్న పోయినాక నన్ను చదివించింది ఆయనే. పొద్దున బండి మీద బడికి దించేదీ ఆయనే, సాయంత్రం ఎక్కించుకునేదీ ఆయనే. ఆ మనిషి ముందు నిలబడి నీ బండి నాకొద్దని ఎట్ట చెప్పేది?"

విజయపురి సౌత్‌లో అంతగా ఏముందని అడిగాను. "చెప్తే తెలవదు మేడం, ఒకసారి నాతో రాండి," అంది.

ఒక ఆదివారం వెళ్లాం. మేడంతోనే కదా అని అన్న ఒప్పుకున్నాడు, బస్సు కదిలేదాకా కిటికీ పక్కనే నిలబడ్డాడు. మాచర్ల దాటాక రోడ్డుకి రెండు వైపులా రాళ్లూ పొదలూ. బస్సు ఊపుకి నాకు కళ్లు మూతలు పడుతూ ఉన్నాయి. ఎత్తిపోతల జలపాతం దగ్గర బస్సు ఆగినప్పుడు యాత్రికుల పిల్లల అరుపులు నిద్రలోకి వచ్చిపోయాయి. పక్కన ఆమె మాత్రం నిటారుగా కూర్చుని ఉంది. ఇంకాసేపట్లో దిగుతామని నాకంటే ముందు ఆమెకే తెలిసింది. గాలి మారిందంది.

అది కృష్ణ మీద డ్యాము కట్టేటప్పుడు పనివాళ్ల కోసం వేసిన కాలనీ. గీత గీసినట్టు తిన్నని వీధులు, ఒకే తీరు క్వార్టర్లు. ట్రస్టు పరీక్ష పేపర్లు దిద్దడానికి ఆమె ఒకసారి అక్కడికి వచ్చి, బడి పక్కనే ఉన్న టీచరమ్మల హాస్టల్లో కొన్నాళ్లు ఉందట. బస్సు దిగగానే చేతిసంచిలోంచి మడత కర్ర తీసి సాగదీసింది. పేటలో ఆ కర్ర నేనెప్పుడూ చూడలేదు.

"నా ఎనకాలే రాండి మేడం. కళ్లు మూసుకోండి. ఏం కాదు," అంది.

మూసుకున్నాను. మొదట్లో ప్రతి అడుగుకీ ముందు కాలితో నేల తడుముకున్నాను. తర్వాత నెమ్మదిగా వీధి వినపడటం మొదలైంది. ముందు ఆమె కర్ర చప్పుడు. ఎడమవైపు వరసగా ప్రహరీలు, వాటి మీదినుంచి మా అడుగులే మాకు తిరిగి వినపడుతున్నాయి. ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగిపోతే అక్కడ వీధి మలుపు. మలుపు దగ్గర కాళ్ల కింద కల్వర్టు బోలుగా మోగుతుంది. కుడివైపు ఎక్కడో దూరాన నీటి మీదినుంచి వచ్చే చల్లగాలి, నడిచినంతసేపూ అటువైపే ఉంటుంది. ఎవరో బట్టలు ఉతుకుతున్నారు. ఎవరింట్లోనో కుక్కరు కూత. నేను నడుస్తున్నానో, నిద్రలో ఎవరి కలలోనో తేలుతున్నానో తెలియని స్థితి. ఎంతసేపు అలా నడిచామో కూడా గుర్తులేదు.

"ఇక తెరవండి," అంది. ఎదురుగా బడి గేటు.

"పేటలో ఈ సందులో బండి అడ్డం, ఆ సందులో మంచం అడ్డం, నిన్న ఉన్నది ఇయ్యాల ఉండదు. ఈడ ఏదీ చోటు మారదండి. మలుపొచ్చే ముందు చెప్పి వస్తది. ఆ నాల్రోజులూ నన్నెవరూ చెయ్యి పట్టుకోలా. నేను ఒక్కదాన్నే నడుస్తుంటే నా నడక నాకే కొత్తగా అనిపించింది," అంది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, దాచుకోవాల్సిన అవసరం కూడా లేదనిపించింది.

తిరుగు బస్సులో నాకు పేజీ కనపడింది, అదీ కళ్లు మూసుకునే ఉన్నప్పుడు. పటం తీసి పక్కన పెట్టాలి. పేజీ ఆ కాలనీలా ఉండాలి. ప్రతి విభాగానికీ మొదట్లో ఒక శీర్షిక, కొత్త చోటికి వచ్చామని తెలిసేటట్టు. ఊళ్ల పేర్లు వరసగా, మామూలు అక్షరాల్లో. ఒక్కో ఊరి పక్కనా పైకి, కిందికి అనే బటన్లు. ఏది నొక్కితే ఏమైందో వెంటనే మాటల్లో చెప్పాలి. ఏదీ ఎగరకూడదు. ఒకచోట ఉన్నది రేపు కూడా అక్కడే ఉండాలి.

ఆఫీసులో చెబితే పెద్ద రగడే అయింది. "ఒక్క మనిషి కోసం ఇంత అందాన్ని తీసేస్తామా అమ్మా," అన్నాడు ఓనరు. కోడరు నాతో మాట్లాడటమే మానేశాడు. అతని బాధ నాకు తెలుసు. ఆ దీపాలు వెలిగించడానికి ఎంత తిప్పలు పడ్డాడో చూసినదాన్ని. ఆ అలక ఎన్నాళ్లుండేదో గానీ, ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లినప్పుడు అతను కళ్లకి చేతిరుమాలు కట్టుకుని, చదివే గొంతు పెట్టుకుని, తన పేజీలో తనే దిగాడు. నేను చేయి కడుక్కుని వచ్చేసరికి ఇంకా వెతుక్కుంటున్నాడు.

"అక్కా, నేను యాడున్నా?" అన్నాడు.

"కృష్ణలో ఉన్నావురా నాయనా," అన్నాను. నిజంగానే అతని వేలు నీలం రంగు మీద ఉంది.

రుమాలు విప్పి దాంతోనే ముఖం తుడుచుకున్నాడు. "చానా భయమేసిందక్కా, బయటికి దారే లేదు," అన్నాడు. ఆ సాయంత్రమే పటాన్ని పేజీ అడుగుకి దించి, పైన నేను చెప్పిన వరస కట్టడం మొదలుపెట్టాడు. తర్వాత తేలిందేమిటంటే, చూపున్న టీచర్లు కూడా పటం జోలికి పోకుండా పైన ఉన్న వరసలోనే పని ముగించారు. పటం బాగుందని మాత్రం అందరూ మెచ్చుకున్నారు.

అక్కడినుంచి నా మధ్యాహ్నాలన్నీ ఆ గొంతుతోనే గడిచాయి. కళ్లు మూసుకుని వింటాను, ఎక్కడ దారి తప్పితే అక్కడ ఆగి సరిచేస్తాను. ఆ గొంతు నా నిద్రలోకి కూడా వచ్చేది. కలలో మా ఇంటి ముందు నిలబడితే, "తలుపు. మూసి ఉంది. తెరవడానికి రెండుసార్లు తట్టండి," అనేది. మా ఆయన అరుగు మీద కూర్చుని ఉంటే, "బొమ్మ," అనేది. ఆ కల ఆయనకి చెప్పాను, ఆయనకి నచ్చలేదు.

టీచరమ్మ వచ్చి పరీక్షించింది. "వెల్దుర్తి, ఒక మెట్టు పైకి జరిగింది," అని ఫోను చెబితే చిన్నపిల్లలా నవ్వి మళ్లీ కిందికి దించింది. ఊళ్లని అటూ ఇటూ జరుపుతూ ఒక పూటంతా ఆడుకుంది. పని అయిపోయిందనుకున్నాం. మేం అందరం కలిసి మర్చిపోయిన సంగతి ఆఖరి రోజున బయటపడింది.

ఊళ్లు కోరుకోవడానికి అదే చివరి రోజు. మధ్యాహ్నం ఆమె తోటి టీచరుతో ఆటోలో వచ్చింది, ఆ టీచరు కిందనుంచే వెళ్లిపోయింది. మెట్లెక్కిన ఆయాసంలోనే, "మేడం, ఆఖర్న పంపేటప్పుడు ఓటీపీ అడుగుద్దంట. ఓటీపీ మా అన్న ఫోనుకి పోద్ది," అంది.

నేనూ, కోడరూ, ఓనరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పరీక్షించేటప్పుడు ఓటీపీని ఆపి ఉంచాం, అందుకే మా కంటపడలేదు. ట్రస్టు దగ్గరున్న ఆమె వివరాల్లో ఉన్న ఫోను నంబరు వాళ్ల అన్నయ్యది. మా ప్రాంతంలో ఆడవాళ్లు ఏ దరఖాస్తు పెట్టినా నంబరు గడిలో ఇంట్లో మగవాళ్లదే ఉంటుంది. దాన్ని ఎవరూ తప్పనుకోరు. నా గ్యాసు కనెక్షనుకి ఇప్పటికీ మా ఆయన నంబరే. చూపులేని మనిషి ఒక్కతే నడవగలిగే దారి కట్టామని మేం సంబరపడుతుంటే, దారి చివర తాళంచెవి ఇంకొకరి జేబులో ఉంది.

"నంబరు మార్చటం నిమిషం పనక్కా. మార్చేస్తా," అన్నాడు కోడరు. అతని వేళ్లు అప్పటికే కీబోర్డు మీద ఉన్నాయి. నేను వద్దనలేదు. అనాలని కూడా అనిపించలేదు. ఆమే చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు సార్. రేపు ఆర్డరు వచ్చినాక ఆయనకెట్టాగూ తెలుస్తది. దొంగచాటుగా పోయినట్టుంటది. నేను పోయేది అన్న మీద కోపంతో కాదు," అంది. ఫోను సంచిలో పెట్టుకుని, "మేడం, షెడ్డు దాకా తోడొస్తారా?" అని అడిగింది.

వెళ్లాం. ఎండ ఇంకా దిగలేదు. రేకుల షెడ్డు కింద ఆయన ఒక్కడే ఒక బండి ఇంజను విప్పుకుని కూర్చున్నాడు. చెల్లెల్ని చూడగానే లేచి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఇంట్లో వాళ్లు ఉర్దూలో మాట్లాడుకుంటారు. నేనున్నానని తెలుగులోకి వచ్చారు.

"ఏందమ్మా, ఈ ఎండలో?"

"భయ్యా, ఊళ్లు పంపాలి. నీ ఫోనుకి ఓటీపీ వస్తది."

"సాయంత్రం నేను పెడతానన్నాగా."

"నేనే పెట్టా."

ఆయన నావైపు చూశాడు. నేను బండి చక్రం వైపు చూశాను. "ఏ ఊరు పెట్టావు?" అన్నాడు.

ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. పెదవులు కదులుతున్నాయి, అంతే. నాకు చెప్పేయాలనిపించింది, కానీ అది నా మాట కాదు. అప్పుడామె ఫోనుకున్న ఇయర్‌ఫోను తీగ లాగేసి, సౌండు పెంచి, వేలిని తెరమీద ఆ వరస మీద ఉంచింది. పేజీ మాట్లాడింది. ప్రేమా భయమూ ఏమీ లేని గొంతు.

"మొదటి కోరిక, విజయపురి సౌత్. రెండో కోరిక, ఏదీ లేదు. పంపడానికి రెండుసార్లు తట్టండి."

"మళ్లీ చదివియ్యి," అన్నాడాయన. ఆమె మళ్లీ వేలు పెట్టింది. గొంతు అదే మాట అదే తీరుగా చెప్పింది.

"ఆడ నిన్ను బడికి దించేదెవరు?"

"నేనే పోతా. తిన్నగా రోడ్డు."

"పడితే?"

"లేస్తా. ఈడ పడలేదా?" ఈసారి ఆమెకి గొంతు వచ్చింది.

"నేనేం తక్కువ చేశానమ్మా?"

"ఏం తక్కువ చేయలా భయ్యా. అందుకే చెప్పటానికి నోరు రాలా." అలా అంటూనే తెరమీద రెండుసార్లు తట్టింది.

మేకుకి తగిలించిన చొక్కా జేబులో ఫోను మోగింది. ఆయన నెమ్మదిగా వెళ్లి తీశాడు. ఒక అంకె చెప్పాడు. ఇంకోటి చెప్పాడు. ఆగిపోయాడు. ఫోను చేతిలో పట్టుకుని రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె వేలు ఖాళీ గడి మీద అలాగే ఉంది, బతిమాలలేదు, తొందర పెట్టలేదు. ఆ కోడు కాసేపటికే చెల్లకుండా పోతుందని ఆ షెడ్డులో నాకొక్కదానికే తెలుసు. ఆ పేజీ నేను గీసిందే. చివరికి ఆమె చేతిలో ఫోనే చెప్పింది.

"కోడు గడువు దాటింది. మీరు కోరుకున్న ఊరు అలాగే ఉంది. మళ్లీ కోడు పంపమంటారా?"

గడువు దాటితే అంతా చెరిపేసి మొదటికి పంపేయడం మా కోడరు అలవాటు. పెట్టింది పెట్టినట్టే ఉంచి, మళ్లీ అడిగే వీలు ఇవ్వమని అతనితో పోట్లాడి పెట్టించాను. చూసుకుంటూ మెల్లగా నొక్కే పెద్దవయసు టీచర్ల కోసం అనుకున్నాను. మనసు సర్దుకోవడానికి కూడా మనిషికి ఆ కాస్త జాగా కావాలని అప్పటికి నాకు తోచలేదు. పిల్లలూ, మీరు కట్టే పేజీల్లో ఆ జాగా ఉంచండి. ఎవరికి ఎందుకు పనికొస్తుందో కట్టేటప్పుడు మనకి తెలియదు.

ఆమె ఏమీ నొక్కలేదు. అడిగిన ప్రశ్నకి జవాబు తనది కాదన్నట్టు ఊరుకుంది. ఆయన ఇటు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మళ్లీ పంపమనమ్మా," అన్నాడు.

పంపింది. ఈసారి ఆయన ఎక్కడా ఆగలేదు. ఒక్కో అంకె గట్టిగా, స్పష్టంగా, ఆమె వేలు వెళ్లేంత వ్యవధి ఇస్తూ చెప్పాడు. మీ కోరిక అందింది అని పేజీ చెప్పగానే ఆమె ఫోను గుండెకి ఆనించుకుంది. ఆయన వచ్చి ఆమె తలమీద చెయ్యి పెట్టి, గ్రీజు అంటుతుందని గుర్తొచ్చి గబుక్కున తీసేశాడు. తర్వాత కింద కూర్చుని ఇంజను వైపు చూస్తూ, ఏమీ పట్టనట్టు నన్నడిగాడు.

"మేడం, ఆ కాలనీలో బైకు షెడ్డేదన్నా ఉందా?"

"భయ్యా," అంది ఆమె.

"ఊరికే అడిగాలేమ్మా," అని ఆయన స్పానరు అందుకున్నాడు.